టోపీ లాక్కోవడం మానేసిన గుర్రం: ఒక కేసు

కేస్ షీట్‌లో ‘యజమాని ఫిర్యాదు’ అని ఒక గడి ఉంటుంది. గుర్రాలు చూసే డాక్టర్లం మామూలుగా అందులో కుంటుతోందనో, దాణా ముట్టడం లేదనో, కడుపునొప్పితో దొర్లుతోందనో రాస్తాం. ఈ కేసులో నేను రాసింది: ‘రెండు వారాలుగా టోపీ లాక్కోవడం లేదు.’

సరదాకి రాయలేదు. గుర్రం యజమానురాలు ఫోన్‌లో చెప్పింది అంతే. జ్వరమా అంటే లేదు, తింటున్నాడా అంటే తింటున్నాడు, లద్దె వేస్తున్నాడా అంటే వేస్తున్నాడు, నడకలో తేడా ఏమైనా ఉందా అంటే లేదు. "మరి ఏమైంది మేడమ్?" అంటే, "అదే డాక్టర్ గారూ, నా టోపీ జోలికి రావట్లేదు" అని మళ్లీ మొదటికొచ్చింది.

ఇలాంటి ఫోన్ వస్తే రెండు రోజులు చూడండి అని పెట్టేసేవాళ్లే ఎక్కువ. నాకు మాత్రం ఇలాంటి ఫిర్యాదులంటే గురి. కుంటుతోందని ఎవరైనా చెప్పగలరు. ఒక గుర్రం రోజూ చేసే వెధవపని ఆగిపోయిందని చెప్పాలంటే దాన్ని ఏళ్ల తరబడి పక్కనుండి చూసి ఉండాలి.

పేషెంటు

దొర అని పిలుద్దాం, అసలు పేరు వేరే. 16 ఏళ్ల మగ గుర్రం, విత్తులు చిన్నప్పుడే కొట్టించారు, టేపుతో కొలిస్తే 480 కిలోలకు కాస్త అటూఇటూ. పదేళ్లుగా ఒకే యజమాని. రిపోర్టులో జంతువుని ‘అది’ అనే రాయాలి, కానీ ఆవిడతో అరగంట మాట్లాడాక ఎవరికైనా ‘వాడు’ అనే వస్తుంది, అందుకని నేనూ అలాగే రాస్తున్నాను. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అంటారు కదా, వీడు దొరికినా దొరే.

వాడి నేరచరిత్ర ఇదీ. జీను బిగించడానికి ఆవిడ కిందికి వంగగానే పైపెదవితో టోపీ అంచు తడిమి, ముందు పళ్లతో పట్టుకుని, ఎత్తి, జెండా ఊపినట్టు పైకీ కిందకీ ఊపి, ఆవిడ అందుకోబోతే సరిగ్గా అందకుండా ఉండేంత మాత్రమే మెడ పక్కకి తిప్పేవాడు. తలుపు గడియ పెదవితో లాగి తను బయటపడటమే కాక, పక్క గదిలో ఉన్న ఆడగుర్రం గడియ కూడా తీసేవాడట, అది మాత్రం తలుపు తెరిచి ఉన్నా బయటికి రాకుండా అక్కడే నిలబడి తన గడ్డి తను తినేదట. లాడాలు కొట్టడానికి వచ్చేవాళ్ల జేబు రుమాళ్లు, శాల చూసుకునే కుర్రాడి చేతి తొడుగులు, ఒకసారి ఎవరిదో సంతకం కావాల్సిన కాగితం, ఇవన్నీ వాడి ఖాతాలో ఉన్నాయి. క్యారెట్ పెట్టె దాచిన గది వైపు ఒకసారి చూసి, ఆవిడ మొహం వైపు ఒకసారి చూసి, ముక్కుతో భుజం తోసేవాడు. ఈ చివరిది ఆవిడ కల్పించి చెప్పిందేమీ కాదు. జపాన్‌లోని కోబే యూనివర్సిటీ వాళ్లు 2016లో దాదాపు ఇదే ప్రయోగం చేసి చూశారు. గుర్రానికి అందని బకెట్‌లో ఆహారం దాచారు, దాచడం చూసిన మనిషి కంటే చూడని మనిషి ఎదురుగా ఉన్నప్పుడు గుర్రాలు ఎక్కువగా వాళ్ల వైపు చూశాయి, ముక్కుతో తోశాయి. అంటే ఎదుటి మనిషికి విషయం తెలుసో లేదో కొంతవరకు కనిపెడుతున్నాయన్నమాట.

ఇంకో అలవాటు తలూపడం. "ఆకలేస్తోందా నాన్నా?" అంటే అవునని పైకీ కిందకీ, "ఇంక ఇంటికి పోదామా?" అంటే ఊహూఁ. ఆవిడకి దీని మీద గట్టి నమ్మకం, మాటలన్నీ అర్థమవుతాయని. నేను చూడగా తేలింది ఏమిటంటే, మొదటి ప్రశ్న అడిగేటప్పుడు ఆవిడ గడ్డం ఆవిడకే తెలియకుండా కాస్త కిందికి దిగుతుంది. రెండో ప్రశ్నకి భుజం పక్కకి తిరుగుతుంది. బెర్లిన్‌లో వందేళ్ల కిందట హాన్స్ అనే గుర్రం ఉండేది, లెక్కలు చెబితే గిట్టతో నేలమీద కొట్టి జవాబు చెప్పేది, దాని యజమాని ఫాన్ ఓస్టెన్ రిటైరైన లెక్కల మాస్టారు. ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే ఆయన ఓపిగ్గా పరీక్షించి 1907లో తేల్చింది ఏమిటంటే, అడిగేవాళ్లకి జవాబు తెలియకపోయినా, అడిగే మనిషి కనబడకపోయినా, హాన్స్‌కి లెక్క రాదు. సరైన అంకె దగ్గరికి రాగానే మనిషి ఒంట్లో వచ్చే అతి చిన్న కదలికని చూసి అది ఆపేసేది. అందరూ దీన్ని గుర్రం గుట్టు బయటపడిన కథలా చెబుతారు. నాకు అలా అనిపించదు. తల ఏ మిల్లీమీటరు దగ్గర కదిలిందో పట్టుకునే జంతువు లెక్కలు చేసే జంతువు కంటే తక్కువదేం కాదు.

నేను ఈ సంగతి ఆవిడకి చెప్పాను. "అయితే నన్ను చదువుతున్నాడన్నమాట, మంచిదేగా" అంది.

నవ్వే అలవాటు కూడా ఉంది. నాలుగేళ్ల కిందట ఆవిడ చెయ్యి విరిగి కట్టుతో శాలకి వస్తే, ఆ కట్టు మొత్తం వాసన చూసి, మెడ చాచి, పైపెదవి వెనక్కి మడిచి పళ్లన్నీ బయటపెట్టాడట. "నా చెయ్యి విరిగితే నవ్వాడండీ వీడు" అని ఇప్పటికీ చెబుతుంది. అది నవ్వు కాదు. కొత్త వాసన తగిలినప్పుడు దాన్ని ముక్కు లోపల అడుగున ఉండే జాకబ్‌సన్ అవయవం దాకా చేర్చడానికి గుర్రాలు అలా పెదవి ఎత్తుతాయి. కొత్త ప్లాస్టర్, దాని కింద నలిగిన చర్మం, ఆసుపత్రి వాసన, వాడికి చదువుకోవడానికి బోలెడంత సరుకు.

ఆ కట్టు ఉన్నన్నాళ్లూ స్వారీ లేదు. ఆవిడ రోజూ మధ్యాహ్నం వచ్చి, గదిలో ఒక బకెట్ బోర్లించుకుని కూర్చుని పుస్తకం చదువుకునేదట. కొన్ని రోజులకి దొర ఆవిడ ముందే నేలమీద పూర్తిగా పడుకుని, మెడ వాల్చి, గురకపెట్టి నిద్రపోవడం మొదలుపెట్టాడట. ఇది చెప్పేటప్పుడు ఆవిడ గొంతు మారలేదు, మామూలుగానే చెప్పింది, బహుశా దాని విలువ ఆవిడకి తెలియదు. గుర్రం నిలబడే కునుకు తీయగలదు, కాళ్లలో కీళ్లు బిగుసుకుని నిలబెట్టే ఏర్పాటు ఉంటుంది. కానీ కండరాలు పూర్తిగా వదులైపోయే ఆ గాఢమైన నిద్రకి మాత్రం పడుకోవాల్సిందే, పడుకున్న గుర్రం పారిపోవడానికి సిద్ధంగా లేని గుర్రం. నమ్మకం లేని చోట అది పడుకోదు. నవ్వడం, తలూపడం వంటి వాటికి నేను వేరే అర్థాలు చెప్పగలను. దీనికి ఆవిడ అనుకునే అర్థం కంటే పెద్ద అర్థమే ఉంది.

శాలలో చూసింది

నేను వెళ్లేసరికి శాలలో అందరిదీ ఒకటే మాట. "ఇన్నాళ్లకి బుద్ధొచ్చిందండీ వీడికి" అన్నాడు శాల చూసుకునే కుర్రాడు, సంతోషంగానే. గడియ తీయడం లేదు, తొడుగులు ఉన్నచోటే ఉంటున్నాయి, జీను వేస్తుంటే కదలకుండా నిలబడుతున్నాడు. వయసొచ్చింది, నెమ్మదించాడు అని తీర్మానం చేసేశారు. ఆవిడ ఒక్కతే ఒప్పుకోవడం లేదు. ఒకరోజు తనే టోపీ తీసి వాడి మూతి దగ్గర పెట్టిందట, వాసన చూసి మొహం తిప్పుకున్నాడట. ఇంటికెళ్లి ఏడ్చానని చెప్పి, వెంటనే "టోపీ కోసం ఏడ్చిన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను" అని నవ్వింది.

నా కారు చప్పుడుకి చెవులు తిప్పాడు, ఆవిడ గొంతు వినగానే గొంతులోనే గురగురమని చిన్నగా పలకరించాడు. ఆ పలకరింపు ఒక్కరోజు కూడా మానలేదని ఆవిడ చెప్పింది. నాకు అది ముఖ్యంగా తోచింది. అంతా మూసుకుని ముడుచుకుపోయిన గుర్రం వేరు, పలకరిస్తూనే ఆట మానేసిన గుర్రం వేరు.

మామూలు పరీక్షలో పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. ఉష్ణోగ్రత 37.9, గుండె నిమిషానికి 40 (నిలకడగా ఉన్న గుర్రానికి 28 నుంచి 44 మామూలే), పేగుల చప్పుడు రెండువైపులా బాగుంది, నడిపించి, దౌడు తీయించి చూస్తే కుంటు లేదు. కళ్లు బాగానే ఉన్నాయి. ఈ వయసులో మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి జబ్బు గురించి ఆలోచించాలి, దానికి రక్తపరీక్ష పంపాను, తర్వాత అది మామూలుగానే వచ్చింది. జోడీ ఎవరైనా దూరమయ్యారా అని అడిగాను, లేదు, పక్కగది ఆడగుర్రం అలాగే ఉంది. ఒంటికి అంటుకున్న రంపపు పొట్టు చూస్తే రాత్రి పడుకుంటున్నాడని తెలుస్తోంది. బరువు మాత్రం పాత లెక్క కంటే కాస్త తగ్గింది.

మనిషి దగ్గరికి రాగానే గుర్రం తన నొప్పిని చాలావరకు దాచేస్తుంది. చెవులు ముందుకొస్తాయి, కళ్లు వెడల్పవుతాయి, అంతా బాగున్నట్టే ఉంటుంది. అందుకని ఆవిడ ఫోన్‌ని ఎదురు గోడమీద పెట్టి వీడియో ఆన్ చేసి అందరం బయటికొచ్చి కూర్చున్నాం. అలా కూర్చున్నప్పుడే, మాటల్లో, ఆవిడ అసలు విషయం చెప్పింది, అదీ జోకులాగా. "ఈమధ్య కొత్త స్టైలు నేర్చుకున్నాడండీ, గడ్డిని నీళ్లలో ముంచుకుని ముంచుకుని తింటున్నాడు" అని పాత వీడియో ఒకటి చూపించింది. బంధువులందరికీ పంపిందట, అందరూ నవ్వుకున్నారట.

అక్కడ నాకు సగం కేసు తెలిసిపోయింది. కొన్ని గుర్రాలు చిన్నప్పటి నుంచీ గడ్డి ముంచుకుని తింటాయి, అది వాటి ఇష్టం. కానీ 16 ఏళ్లు పొడిగడ్డి తిని, ఇప్పుడు కొత్తగా నానబెట్టుకుంటున్నాడంటే పొడిగడ్డి నమలడం కష్టంగా ఉందని. పాత సరదా ఆగిపోవడం, కొత్త సరదా మొదలవడం, ఈ రెండూ ఒకే సమయంలో జరిగాయి. మొదటిదానికి ఆవిడ భయపడింది, రెండోదానికి నవ్వింది.

గోడమీది వీడియోలో మిగతాది కనబడింది. మేం బయటికి రాగానే చెవులు పక్కకి, వెనక్కి బిగుసుకున్నాయి, కంటిపైన గుంటపడ్డట్టు ముడత, బుగ్గల దగ్గర కండరం గట్టిగా, గడ్డం బిగించి. గుర్రం మొహంలో నొప్పిని లెక్కగట్టడానికి 2014లో ఒక కొలమానం తయారుచేశారు, ఆరు గుర్తులుంటాయి, అందులో నాలుగు స్పష్టంగా ఉన్నాయి. గడ్డి నోట్లో పెట్టుకుని తల కుడివైపు వాల్చి కాసేపు నమిలి, ఆగి, మళ్లీ నమిలి, చివరికి ముద్దలా చుట్టుకున్న గడ్డిని కింద పడేశాడు. కుర్రాడిని అడిగితే, నీళ్లతొట్టిలో, మూలల్లో అలాంటి ముద్దలు రోజూ ఊడుస్తున్నానన్నాడు. ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు కూడా.

తర్వాత రెండు అరచేతులూ రెండు ముక్కుపుటాల ముందు పెట్టి చూశాను. గుర్రం నోటితో ఊపిరి తీసుకోలేదు, మొత్తం ముక్కుతోనే, కాబట్టి ఈ చిన్న పరీక్ష చాలా చెబుతుంది. ఎడమవైపు గాలి కాస్త తక్కువ, వాసన దారుణం. "అవునండీ, ముద్దు పెట్టుకుంటే వాసనొస్తోంది, పళ్లు తోమాలేమో అని నవ్వుకున్నాం" అందావిడ. ఎడమ ముక్కులోంచి అప్పుడప్పుడు కాస్త చీమిడి కారితే జలుబేమో అని రుమాలుతో తుడిచేదట. రెండువైపులా కారితే జలుబు కావచ్చు. ఒక్కవైపే కారుతూ, కుళ్లువాసన కూడా ఉంటే ముందు పన్ను చూడాలి.

నోట్లో ఏముంది

గుర్రం నోరు మనం అనుకున్నంత తెరుచుకోదు. ముందు కొరికే పళ్లు, తర్వాత కళ్లెం కూర్చునే ఖాళీ చిగురు, ఆ తర్వాత లోపలికి బుగ్గల మధ్య వరసగా 24 నమిలే పళ్లు. బయటి నుంచి చూస్తే ముందు పళ్లు తెల్లగా అందంగా ఉంటాయి, లోపల ఏం జరుగుతోందో తెలియదు. మత్తు ఇచ్చి, నోరు తెరిచి ఉంచే స్పెక్యులమ్ అనే పరికరం బిగించి, తలకి లైటు పెట్టుకుని, అద్దంతోనూ కెమెరాతోనూ చూడాలి.

సూది వెయ్యడానికి ముందు దొర కాస్త తొట్రుపడ్డాడు. ఆవిడని మూపు దగ్గర గట్టిగా గోకమన్నాను, నిమరడం కాదు, గోళ్లతో గోకడం. గుర్రాలు ఒకదాన్నొకటి పళ్లతో గీరుకునే చోటు అదే, అక్కడ గోకితే గుండెవేగం తగ్గుతుందని 1993లోనే కొలిచి చూపించారు. ఆవిడకి ఆ చోటు ఎప్పుడో తెలుసు. గోకడం మొదలుపెట్టగానే పైపెదవి ముందుకు సాగి వణకడం మొదలైంది, ఆ సుఖంలో నేను సూది వేసిన సంగతి పట్టించుకోలేదు.

డెటోమిడిన్, బ్యుటార్ఫనాల్ అనే మత్తు మందులు కలిపి ఇచ్చాక అయిదు నిమిషాల్లో కింది పెదవి వేలాడింది, కళ్లు సగం మూతపడ్డాయి, తల మెల్లగా దిగి దిగి ఆవిడ భుజం మీద ఆగింది. గుర్రం తలా మెడా కలిపి మొత్తం బరువులో పదోవంతు దాకా ఉంటాయి, ఇక్కడ నలభై అయిదు కిలోలు పైమాటే, దాదాపు సగం ఆవిడ మీదే. "చూడండి, ఎలా వాలిపోయాడో, ఎంత ప్రేమో" అంది. అది మందు పనేనని చెప్పి తలకి స్టాండ్ పెట్టించాను. "తెలుసు డాక్టర్ గారూ, అయినా నా మీదే వాలాడు కదా" అంది. నిజానికి ఆవిడ నిలబడ్డ వైపే వాలక తప్పదు, కానీ అప్పుడు వాదించడం ఎందుకు.

పై దవడ ఎడమవైపు, ముందు నుంచి నాలుగో నమిలే పన్ను, మేం పళ్లకి వేసే నంబర్లలో 209. నిలువునా మధ్యలోంచి రెండు చెక్కలుగా చీలి ఉంది, చీలికలో గడ్డి కుక్కుకుపోయి కుళ్లుతోంది. ఈ పళ్లలో మధ్యన పుట్టుకతోనే గుంటలుంటాయి, అవి పుచ్చిపోతే పన్ను ఇలా మధ్యకి చీలుతుంది, చీలే పళ్లలో పై దవడ నాలుగోదే తరచుగా కనబడుతుంది. దాని వేళ్లు నేరుగా సైనస్‌లోకి, అంటే ముక్కు పక్కన ఎముకలో ఉండే గాలి గదిలోకి ఉంటాయి, అందుకే ముక్కులోంచి వాసన. ఎక్స్‌రేలో సైనస్‌లో చీము మట్టం గీతలా కనబడింది.

ఆవిడ అడిగిన ప్రశ్న నాకు నచ్చింది. "టోపీ ముందు పళ్లతో కదా పట్టుకునేది, వెనక పన్ను నొప్పయితే టోపీ ఎందుకు మానేశాడు?" నిజమే, ముందు పళ్లకి ఏ జబ్బూ లేదు. కానీ నొప్పితో ఉన్న జంతువు అవసరమైనవి మానదు, గడ్డి ఎలాగోలా తింటుంది, నీళ్లలో ముంచుకునైనా తింటుంది. ముందుగా వదిలేది అవసరం లేని పనిని. అలాగని ఆడుకునే గుర్రమల్లా సుఖంగా ఉందని కూడా అనలేం, ఎదిగిన గుర్రాల్లో ఆట కొన్నిసార్లు ఒత్తిడి ఎక్కువగా ఉన్నచోటే ఎక్కువగా కనబడింది. చూడాల్సింది ఎంత ఆడుతోందని కాదు, ఆ గుర్రానికి మామూలు ఏది, అందులో ఏం మారిందని. ఆ మామూలు ఏమిటన్నది ఏ పుస్తకంలోనూ ఉండదు, యజమానుల కబుర్లలో ఉంటుంది. హాన్స్ మనిషిని చదివినట్టే ఈవిడ గుర్రాన్ని చదివింది, ఏం చదివిందో ఆవిడకే మాటల్లో తెలియదు, అందుకే టోపీ అంది.

పన్ను తీయడం

పూర్తి మత్తు లేకుండా, నిలబడి ఉండగానే, ఆ వైపు నరానికి తిమ్మిరి సూది ఇచ్చి నోట్లోంచే తీశాం. పన్నుని వదులు చేయడమే పనంతా, గంటలు పడుతుంది, తొందరపడి విరిచేస్తే వేరు లోపల ఉండిపోతుంది. పట్టకారుతో అటూ ఇటూ ఓపిగ్గా ఊపుతూ పోతే చిగురు దగ్గర నురగతో నెత్తురు వచ్చి, బురదలోంచి కాలు లాగిన చప్పుడు మొదలవుతుంది, అప్పుడు వస్తోందని తెలుస్తుంది. రెండు చెక్కలూ విడివిడిగా వచ్చాయి. మళ్లీ ఎక్స్‌రే తీసి ముక్కలేవీ మిగల్లేదని చూసుకుని, గడ్డి సైనస్‌లోకి పోకుండా గుంతకి సిలికాన్ బిరడా పెట్టాను. సైనస్‌కి చిన్న రంధ్రం చేసి కొన్నాళ్లపాటు రోజూ సెలైన్‌తో కడిగించాం. యాంటీబయోటిక్, నొప్పి మందు, నానబెట్టిన మెత్తని దాణా.

మత్తు దిగుతుండగా జరిగింది ఒకటి చెప్పాలి. నా చేతి తొడుగుల మీద నెత్తురూ మందులూ కలిసిన వాసన దొర ముక్కుకి తగిలింది. సగం నిద్రలోనే మెడ చాచి పెదవి పైకెత్తి పళ్లన్నీ చూపించాడు, బ్యాలెన్స్ తప్పి కాస్త తూలాడు, మళ్లీ నిలదొక్కుకుని మళ్లీ పెదవి ఎత్తాడు. పొద్దున్నుంచి టెన్షన్‌తో బిగుసుకుపోయి ఉన్న ఆవిడ ఫక్కున నవ్వింది. నాకూ నవ్వాగలేదు, కారణం తెలిసినా సరే.

కడుగుడు రోజుల్లో ఆవిడ మొహం చూస్తే నాకే భయమేసేది. గుర్రాలు మనుషుల ఫోటోల్లో కోపం మొహాన్నీ నవ్వు మొహాన్నీ తేడాగా గుర్తుపడతాయని సస్సెక్స్ యూనివర్సిటీ వాళ్లు 2016లో చూపించారు, కోపం మొహం చూసినప్పుడు గుండెవేగం త్వరగా పెరిగింది. ఆందోళన మొహం గురించి ఆ ప్రయోగం ఏమీ చెప్పదు, కానీ నేను ఆవిడకి కడిగేటప్పుడు పక్కన నిలబడక్కర్లేదు, పుస్తకం తెచ్చుకుని బకెట్ మీద కూర్చోమని చెప్పాను. దానివల్ల గుర్రం నిలకడ పెరిగిందో, ఆవిడ నిలకడ పెరిగిందో, మా పని మాత్రం తేలికైంది.

కోలుకున్నాక వచ్చిన తంటా

రెండో వారం చివర్లో బిరడా చూద్దామని వెళ్లాను. వంగి గుండె చప్పుడు వింటున్నాను. ఉన్నట్టుండి చెవుల్లో గాలిహోరు, తర్వాత నిశ్శబ్దం. స్టెతస్కోప్ వాడి నోట్లో ఉంది, తల పైకీ కిందకీ ఊగుతోంది. నేను అందుకోబోతే సరిగ్గా అందనంత మేరకే మెడ తిప్పాడు. ఆవిడ చప్పట్లు కొడుతూ ఏడ్చింది. నేను కేస్ షీట్‌లో ఆ రోజు తేదీ వేసి ‘దొంగతనం: ఉంది’ అని రాశాను, ఆ గడ్డి ముద్దలు ఆగిపోవడం కంటే ఇది నాకు ఎక్కువ నమ్మకమైన గుర్తు. స్టెతస్కోప్ మాత్రం పోయింది, గొట్టం రెండుచోట్ల తెగింది.

తర్వాత కథ అంత ముద్దుగా లేదు. బతికి బట్టకట్టాడన్న సంతోషంలో ఏది లాక్కున్నా ఆవిడ క్యారెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. గుర్రానికి లెక్క సులువు: లాగు, క్యారెట్ వస్తుంది. నెల తిరగకుండా టోపీ నుంచి ఫోన్‌కి, ఫోన్ నుంచి కుర్రాడి చొక్కా చేతికి ఎదిగాడు, ఒకసారి చొక్కాతోపాటు చర్మం కూడా పళ్లకి చిక్కి నల్లగా కమిలింది. 480 కిలోల జంతువు సరదాకి పట్టుకున్నా గాయం గాయమే. వీడియోల్లో నవ్వొచ్చే గుర్రపు చేష్టల్లో సగం, మనిషి తెలియకుండా నేర్పినవే, వాటికి చివర్లో శిక్ష మాత్రం గుర్రానికి పడుతుంది, ఇది నాకు ఒళ్లు మండే విషయం.

ఆట మాన్పించమని నేను చెప్పలేదు, మాన్పిస్తే తర్వాత జబ్బు చేసినప్పుడు మాకు తెలిసే దారి పోతుంది. ఆటకి హద్దు పెట్టాం. ఒక పాత టోపీ మాత్రమే వాడిది, ఎరుపు దారం కుట్టి ఉంటుంది. దాన్ని పట్టుకుంటే కాసేపు ఊపనిచ్చి, "ఇవ్వు" అని చెయ్యి చాచాలి, వదిలిన క్షణంలోనే క్యారెట్ ముక్క, అదీ చేతిలోంచి కాకుండా బకెట్‌లో. ఇంకేది పట్టుకున్నా అరవకూడదు, గుంజుకోకూడదు, నవ్వకూడదు, వస్తువు వదిలేదాకా విగ్రహంలా నిలబడాలి. నవ్వకూడదు అన్నదే అందరికీ కష్టమైంది. కుర్రాడికి బాగా కుదిరింది, ఆవిడకి ఇప్పటికీ పెదవి చివర వణుకుతుంది, దొర అది కూడా చూస్తాడు. గడియకి మాత్రం పెదవితో రాని కొక్కెం రెండోది బిగించారు, దాంట్లో బేరం లేదు.

ఫాలో అప్

ఆవిడ ఇప్పుడు రోజూ ఒక నోట్‌బుక్ రాస్తోంది. నేను రాయమన్నవి గడ్డి ముద్దలు, ముక్కు, బరువు. ఆవిడ రాసేవి ఇలా ఉంటాయి: ‘టోపీ ఒకసారి. బకెట్ తన్నాడు. పడుకున్నాడు, గురక.’ ‘టోపీ లేదు, వాన, మూడ్ బాలేదు.’ ‘నా జుట్టు వాసన చూసి నవ్వాడు, కొత్త షాంపూ.’ ఇందులో ఒక్క అక్షరం కూడా కొట్టెయ్యమని చెప్పలేదు. మరుసటి రోజు వాన ఆగాక టోపీ మళ్లీ ఉంటే సరే, మూడు రోజులు వరసగా లేకపోతే నాకు ఫోన్ చెయ్యాలి, అంతే ఒప్పందం. గడ్డి ముద్ద కనబడితే అది నోటికి ఏ వైపు నుంచి పడిందో కూడా చూసి రాయమన్నాను.

పన్ను తీసినంత మాత్రాన పని అయిపోదు. గుర్రం నమిలే పళ్లు ఏడాదికి 2 నుంచి 3 మిల్లీమీటర్ల చొప్పున బయటికి వస్తూనే ఉంటాయి, ఎదుటి పన్ను రాపిడితో అరుగుతూ ఉంటాయి. 209 లేదు కాబట్టి కింది దవడలో దానికి ఎదురుగా ఉన్న 309 అరగక పైకి లేస్తుంది, వదిలేస్తే ఆ ఖాళీలోకి దూరి దవడ కదలికనే అడ్డుకుంటుంది. పక్క పళ్లు కూడా ఏళ్లమీద ఖాళీ వైపు జరుగుతాయి. అందుకని ఆరు నెలలకొకసారి నోరు చూసి, లేచిన అంచుని రాసి చదును చెయ్యాలి, వాడు బతికున్నన్నాళ్లూ.

మొదటి ఆరు నెలల పరీక్షలో గుంత పూర్తిగా పూడింది, ముక్కు పొడిగా ఉంది, సైనస్ ఎక్స్‌రే శుభ్రం, బరువు పాత లెక్కకి వచ్చింది. 309 కాస్త లేచింది, రాసి చదును చేశాను. ఈసారి మత్తు ఇచ్చేముందు కొత్త స్టెతస్కోప్‌ని జేబులో పెట్టి జిప్ వేసుకున్నాను. జిప్ కాసేపు పెదవితో వెతికాడు. తీయడం వాడికి ఇంకా రాలేదు.